గాయపడిన చిన్న వన్యప్రాణుల సంరక్షణ: ఉత్తర తెలంగాణ

ఉడుత, ముంగిస, చెవులపిల్లి, అడవిపిల్లి, మానుపిల్లి, నక్క, అలుగు, ఏదు, ఉడుము, తాబేలు, గబ్బిలం, పాము, నెమలి, గుడ్లగూబ, పాలపిట్ట వంటి ప్రాణులు దెబ్బతిని మనిషి కంటపడినప్పుడు మొదటి కొద్ది గంటల్లో ఏం చేయాలో, ఏం చేయకూడదో, ఎవరికి అప్పగించాలో చెప్పేది ఈ వ్యాసం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దీని పరిధి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజన తర్వాత ఈ నేల ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉంది.

పులో, ఎలుగుబంటో గాయపడితే ఊరంతా కదులుతుంది, అటవీ సిబ్బంది మత్తుమందు తుపాకితో వస్తారు. చిన్న ప్రాణికి ఆ భాగ్యం లేదు. దాన్ని చూసేది ఒక రైతో, గొర్ల కాపరో, బడికి పోయే పిల్లలో. దాని చావు బతుకులు చాలాసార్లు ఆ మొదటి మనిషి చేతిలోనే ఉంటాయి. ఆ మనిషి చేసే పనుల కన్నా, చేయకుండా ఆగే పనులే ఎక్కువ ప్రాణాలు నిలబెడతాయి.

ప్రాంతం, గాయాల మూలాలు

మంచిర్యాల జిల్లా జన్నారం కేంద్రంగా ఉన్న కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ప్రాణహిత అభయారణ్యంలో కృష్ణజింకలు, గోదావరి మీది శివ్వారంలో మొసళ్లు రక్షణ పొందుతున్నాయి. అయితే ఇక్కడ చెప్పుకుంటున్న ప్రాణుల్లో చాలా భాగం అభయారణ్యాల గీతలు దాటి చెలకల్లో, చెరువు కట్టల మీద, వాగు ఒడ్లలో, కరీంనగర్ చుట్టూ ఉన్న రాతి గుట్టల్లో బతుకుతున్నాయి. గ్రానైట్ కోసం గుట్టలను కోస్తున్నకొద్దీ వాటిలోని ఏదులు, నక్కలు, నెమళ్లు పొలాల్లోకి, రోడ్ల మీదికి వస్తున్నాయి.

ఇక్కడి గాయాలకు చాలావరకు కారణం మనిషి పనే. అవి ఏ కాలంలో, ఎక్కడ తగులుతాయో కూడా ముందే చెప్పొచ్చు. ఎండాకాలం రామగుండం, మంచిర్యాల బొగ్గు గనుల ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. దప్పికకు తట్టుకోలేక పిట్టలు చెట్ల మీంచి రాలుతాయి. నీళ్ల వాసన పట్టి వచ్చిన నక్కలు, అడవిపిల్లులు గోడల్లేని వ్యవసాయ బావుల్లో పడతాయి. తొలకరిలో మందు పట్టించిన గింజలు తిని, గుళికల మందు తగిలి నెమళ్లు పడిపోతాయి. వానాకాలం, యాసంగి పంటలు కోతకొచ్చినప్పుడు వరికోత మిషన్ల కింద పాములు, చెవులపిల్లులు, అడవిపిల్లి కూనలు నలుగుతాయి. రాత్రి పూట ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి, జగిత్యాల, మంచిర్యాల మీదుగా పోయే 63వ రహదారి, కరీంనగర్ దాటే రాజీవ్ రహదారి మానుపిల్లులను, ముంగిసలను, గుడ్లగూబలను బలి తీసుకుంటాయి. ఇవి చాలనట్టు అడవి పందుల కోసం బండి క్లచ్ తీగలతో పన్నే ఉచ్చులు, పొలాల చుట్టూ పెట్టే కరెంటు తీగలు ఉన్నాయి. పంది కోసం పెట్టిన ఉచ్చు అలుగునో, ఏదునో కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది.

సంక్రాంతి గాయాలు వేరే రకం. గాజుపొడి పూసిన నైలాన్ మాంజా చెట్లకు చిక్కి నెలల తరబడి వేలాడుతుంది, పండుగ అయిపోయాక కూడా గద్దల, గబ్బిలాల రెక్కలు కోస్తూనే ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో ఇలాంటి దారాన్ని దేశమంతటా నిషేధించింది. గుజరాత్‌లో ఉత్తరాయణం రోజుల్లో గాయపడిన పక్షుల కోసం ప్రభుత్వమే ఏటా కరుణా అభియాన్ పేరుతో శిబిరాలు నడుపుతోంది. మాంజా చిక్కుకున్న పక్షిని పట్టుకుంటే దారాన్ని లాగకూడదు. ఒంటికి రెండు పక్కలా కొంత వదిలి కత్తిరించాలి. లోపల దిగిన ముక్కను తీయడం పశువైద్యుడి పని.

దసరాకు దెబ్బతినేది తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. పండుగనాడు దాన్ని చూస్తే శుభమని నమ్మకం. అది పొలాల గట్ల మీద, కరెంటు తీగల మీద స్వేచ్ఛగా కనబడే పిట్ట. దాన్ని ముందే పట్టి, రెక్కలు కట్టి, బోనులో పెట్టి వీధి వీధికీ తిప్పి చూపించి డబ్బులడుగుతారు. చూసి దండం పెట్టి పైసలు ఇచ్చిన ప్రతి చేయీ మరుసటి ఏడు ఇంకో పిట్టను పట్టిస్తుంది. ఇలా చిక్కిన పాలపిట్టను బోను తీసి వదిలేస్తే అది ఎగరలేక కుక్కల పాలవుతుంది. రెక్క ఈకలు కత్తిరించి ఉంటే అవి రాలి కొత్తవి మొలిచేదాకా, అంటే నెలల పాటు, దానికి సంరక్షణ కావాలి. అందుకని దాన్ని కొని వదిలెయ్యకూడదు, అటవీ శాఖకు అప్పగించాలి.

సాయం నిజంగా కావాలా

కంటబడిన ప్రాణిని చేతిలోకి తీసుకోవడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. నెత్తురు కారుతున్నా, కాలో రెక్కో వేలాడుతున్నా, ఈగలు ముసిరి పుండులో గుడ్లు పెట్టినా, కుక్కో పిల్లో నోట కరచినా, పగటిపూట పక్కకు ఒరిగి లేవలేకపోతున్నా సాయం కావలసిందే. పిల్లి పంటి గాటు సూదిమొనంతే కనబడుతుంది గాని దాని నోటి క్రిములు ఒకటి రెండు రోజుల్లో పిట్ట ప్రాణం తీస్తాయి. పైకి బాగానే ఉన్నా అలాంటి పిట్టకు మందు పడాలి.

ఒంటరిగా దొరికిన పిల్లల సంగతి వేరు. దుప్పి, కృష్ణజింక తల్లులు పుట్టిన కూనను మొదటి రోజుల్లో గడ్డిలోనో, పొదలోనో దాచి దూరంగా మేతకు పోతాయి. కూన కదలకుండా మెడ నేలకానించి పడుకుంటుంది. అదే దాని రక్ష. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. తల్లి రోజులో ఒకటి రెండు సార్లు మాత్రమే వచ్చి పాలిచ్చి పోతుంది. తక్కిన సమయంలో అవి ఒంటరిగా ఉండటమే మామూలు. వీటిని "తల్లి లేని పిల్లలు" అనుకుని ఇంటికి తెచ్చినవాళ్లు, మంచి మనసుతోనే అయినా, తల్లి నుంచి పిల్లను ఎత్తుకొచ్చినట్టే.

అడవిపిల్లి కూనల కథ ఏటా జరుగుతుంది. మక్కచేనో, వరి మడో కోస్తుంటే రెండు మూడు కూనలు బయటపడతాయి. ఒంటి మీద చారలు, చుక్కలు చూసి చిరుత పిల్లలని పుకారు పుడుతుంది, జనం గుమిగూడతారు, ఫోన్లలో ఫొటోలు తీస్తారు, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి కూనలు మారతాయి. అంతసేపూ తల్లి పక్క చేనులోనే దాగి ఉంటుంది. చేయవలసింది ఆ మూల కోత ఆపడం, కుక్కలను, మనుషులను దూరం పంపడం, కూనలను అదే చోట నీడలో వదిలి రాత్రికి ఎవరూ లేకుండా చూడటం. తల్లి చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని పోతుంది. మహారాష్ట్ర పుణె జిల్లా జున్నర్ చెరుకు తోటల్లో దొరికే చిరుత కూనల విషయంలో అక్కడి అటవీ శాఖ, మాణిక్‌డోహ్ కేంద్రాన్ని నడిపే వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ చేస్తున్నదీ ఇదే. కూనలను పెట్టెలో పెట్టి దొరికిన చోటే ఉంచితే తల్లులు వచ్చి తీసుకుపోవడం కెమెరాల్లో ఎన్నోసార్లు నమోదైంది. చిరుత అంత పెద్ద జంతువు విషయంలో సాధ్యమైనది అడవిపిల్లి విషయంలో కష్టం కాదు.

పిట్టల్లో ఈకలు వచ్చి, గెంతుతూ నేల మీద తిరిగే పిల్ల ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. దగ్గరే అరుస్తున్నవి దాని తల్లిదండ్రులు. దాన్ని పక్కనున్న కొమ్మ మీద పెడితే చాలు. ఈకలు రాని పిల్లను గూటిలో తిరిగి పెట్టాలి, గూడు చెదిరితే చిన్న గంపలో గడ్డి వేసి అదే చెట్టుకు కట్టాలి. మనిషి చేయి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది నిజం కాదు. తొర్రలోంచి పడ్డ పైడికంటె పిల్లలకు కూడా ఇదే పద్ధతి. కింద పడ్డ గబ్బిలం నేల మీంచి సులువుగా ఎగరలేదు. కర్రతో గాని, మందపు గుడ్డతో గాని ఎత్తి చెట్టు మానుకు పట్టిస్తే పైకి పాకి వెళ్తుంది. ఒట్టి చేత్తో మాత్రం ముట్టుకోకూడదు.

మొదటి గంట

అడవి జంతువుకు మనిషి చేయి ఓదార్పు కాదు. వేటాడే జంతువు పట్టుకున్నట్టే దానికి తోస్తుంది. చెవులపిల్లి, దుప్పి, కృష్ణజింక ఈ భయంతోనే చనిపోగలవు. పెనుగులాటలో కండరాలు చితికి వాటిలోని పదార్థాలు నెత్తుట్లోకి చేరతాయి, మూత్రపిండాలు పాడవుతాయి, గుండె లయ తప్పుతుంది. చావు అప్పుడే రావచ్చు, ఒకటి రెండు రోజుల తర్వాతా రావచ్చు. బావిలోంచి తీసి నిమురుతూ ఫొటోలు దిగిన జింక మర్నాడు చచ్చిపోతే నీళ్లు తాగి చచ్చిందనుకుంటారు. చాలాసార్లు దాన్ని చంపేది ఆ గుంపు.

కాబట్టి మొదటి గంటలో చీకటి, నిశ్శబ్దం, వెచ్చదనం ఇవ్వగలిగితే చాలు. గొంగడి గాని మందపు దుప్పటి గాని మీద కప్పితే కళ్లు మూసుకుపోయి ప్రాణి సద్దుమణుగుతుంది. అలాగే ఎత్తి, గాలి రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెలో, అడుగున మెత్తటి గుడ్డ పరిచి పెట్టాలి. గోనెసంచిలో మూతి కట్టి పెడితే ఊపిరాడదు. నెమలి వంటి పెద్ద పక్షికి కోళ్లను కమ్మే గంప పనికొస్తుంది, దాని మీద దుప్పటి కప్పాలి. పక్షిని పట్టినప్పుడు రెండు రెక్కలూ ఒంటికి ఆనేట్టు పట్టాలి గాని రొమ్ము నొక్కకూడదు. పక్షి రొమ్మెముక కదిలితేనే దానికి ఊపిరి. గద్ద, గుడ్లగూబల ముక్కు కన్నా గోళ్లు ప్రమాదం. ఏదును, అలుగును చేత్తో ఎత్తకూడదు. అలుగు భయపడితే ఉండలా చుట్టుకుంటుంది, దాన్ని విప్పాలని చూడకుండా పెద్ద టబ్బులోకి దొర్లించాలి. ఎక్కడ దొరికిందో ఆ చోటు గుర్తు పెట్టుకుని రాసి ఉంచాలి. తర్వాత వదలాల్సింది అక్కడే.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టాలి. పసుపు, కిరోసిన్, సున్నం, బూడిద, నాటు వైద్యుల ఆకుపసరు ఏదీ పుండులో వేయకూడదు. ఎముక విరిగితే కట్టు కట్టే ప్రయత్నం చేయకూడదు, పెట్టెలో కదలకుండా ఉంచడమే దానికి కట్టు. ఉచ్చు తీగ కాలికో మెడకో బిగిసి ఉంటే తీగను గుంజకు కట్టిన చోట తెంపి, బిగిసిన భాగాన్ని వైద్యుడికే వదలాలి. రోజుల తరబడి బిగిసిన తీగను ఒక్కసారిగా విప్పితే అప్పటిదాకా ఆగిన నెత్తురుతో పాటు చచ్చిన కండలోని విషం ఒళ్లంతా పాకుతుంది. కరెంటు తీగ దగ్గర పడ్డ కోతినో, గబ్బిలాన్నో సరఫరా ఆగిందని తేలేదాకా తాకకూడదు. ఈ జిల్లాల్లో చాలావరకు కరెంటు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ చేతిలో ఉంటుంది, 1912కు ఫోన్ చేయాలి.

బావిలో పడ్డ ప్రాణి కోసం మనిషి దిగకూడదు. నీళ్లుంటే తేలే దుంగనో, కట్టెల మోపునో వేస్తే అది ఎక్కి ఊపిరి తీసుకుంటుంది. తర్వాత వాలుగా ఒక నిచ్చెన, లేదా గరుకు బెరడున్న పొడుగు దుంగ దించి జనం దూరం పోతే నక్క, అడవిపిల్లి, ముంగిస చీకట్లో వాటంతటవే ఎక్కి వెళ్తాయి. అది చేతకాని ప్రాణికి వల వేసే పని అటవీ సిబ్బందిది.

తిండి, పాలు, మందులు

గాయపడిన ప్రాణి నోట్లో నీళ్లు పోయడం ఈ నేల మీద దయకు మొదటి గుర్తు. కానీ సొమ్మసిల్లిన ప్రాణికి అది చేటు. పక్షి నాలుక మొదట్లోనే గాలిగొట్టం మూతి ఉంటుంది. సీసా మూతతో పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వడదెబ్బ తగిలిన పిట్ట తల నిలబెట్టి చూస్తుంటే ముందు చిన్న గిన్నెలో నీళ్లు పెట్టాలి, అది తానే తాగాలి. నీడ, చల్లటి గాలి, తడిపిన గుడ్డ పక్కన ఉంటే చాలావరకు తేరుకుంటుంది.

ఆవు పాలు, బర్రె పాలు అడవి పిల్లలకు సరిపడవు. విరేచనాలు పట్టి, ఒంట్లో నీరింకి చనిపోతాయి. వెంట్రుకలు కూడా రాని ఉడుత పిల్లకు ఆకలి కన్నా ముందు చలి చంపుతుంది. గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి ఒళ్లు వెచ్చబడేదాకా నోట్లో ఏమీ వేయకూడదు. చల్లబడ్డ ఒంట్లో పేగు పని చేయదు. అలుగు చీమలు, చెదలు తప్ప తినదు. గద్దకు, గుడ్లగూబకు అన్నం, రొట్టె పెడితే ప్రయోజనం లేదు. నక్షత్ర తాబేలు నేల జీవి, దాన్ని నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. పాలు పాములకు ఆహారం కాదు. నాగుల పంచమికి ముందు రోజులపాటు నీళ్లివ్వకుండా ఎండబెట్టిన పాము దాహంతో పాలు తాగుతుంది, తర్వాత చనిపోతుంది.

మనుషుల మందు బిళ్లలు అసలే వద్దు. పారాసిటమాల్ పిల్లి జాతి ఒంటికి విషం. నొప్పి తగ్గించే మందు ఎంత చేటు చేయగలదో ఈ జిల్లాలకే తెలియాలి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్, వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి దేశంలో వాటిని దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. ఆ విపత్తును దాటి మిగిలిన పొడుగు ముక్కు రాబందులు 2013లో ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టుకుని కనబడ్డాయి.

విషం తిన్న నెమలి సంగతి విడిగా చెప్పాలి. చొంగ కారుతూ, వణుకుతూ, మెడ వాల్చి పడి ఉంటే గుళికల మందు, లేదా అలాంటి పురుగు మందు తగిలి ఉండవచ్చు. దానికి విరుగుడైన అట్రోపిన్ పశువైద్యుల దగ్గర ఉంటుంది. నిమిషాల లెక్కలో పని. చింతపండు పులుసు, నెయ్యి పోస్తూ ఆలస్యం చేయకూడదు. ముక్కుకు, ఈకలకు అంటిన మందు మనిషికీ ప్రమాదమే కనుక చేతులకు తొడుగులు వేసుకోవాలి. పక్షి పక్కన పడి ఉన్న గింజలను ఒక కవరులో వేసి చూపిస్తే మందు ఏదో వైద్యుడికి తెలుస్తుంది.

మనిషి జాగ్రత్త

పగటిపూట బెదురు లేకుండా మీదికి వచ్చే నక్క, చొంగ కారుస్తూ తూలే ముంగిస రేబిస్ పట్టినవి కావచ్చు, వాటి దగ్గరికి పోకూడదు. ఏ అడవి జంతువు కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతికించే వైద్యం దాదాపు లేదు, ముందే వేసుకునే టీకా మాత్రం ప్రాణం నిలుపుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాములు. గాయపడిన పాము ఏదైనా, జెర్రిపోతు అని నిశ్చయంగా అనిపించినా, దూరం నుంచి కనిపెట్టుకుని ఉండి శిక్షణ పొందినవాళ్లను పిలవాలి. హైదరాబాద్‌లో 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఇలాంటి పనిని రాష్ట్రంలో ఒక పద్ధతిలోకి తెచ్చింది.

చట్టం, అప్పగింత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. రక్షిత ప్రాణి ఏ కారణంగానైనా చేతికి వస్తే 48 గంటల లోపు దగ్గరి పోలీసు ఠాణాకో, అధికారం ఉన్న అటవీ అధికారికో తెలపాలని సెక్షన్ 39 చెబుతుంది. బాగుచేసి పెంచుకుంటానన్నా రామచిలుకను ఇంట్లో ఉంచుకోకూడదు. సాయం చేసినందుకు కేసు పెడతారన్న భయం పల్లెల్లో ఉంది. ఆ భయంతోనే చాలామంది జంగ్లాతోళ్లకు, అంటే అటవీ సిబ్బందికి, చెప్పరు. దొరికిన వెంటనే ఫోన్ చేసి, చోటు చెప్పి, ఎవరితో మాట్లాడారో రాసిపెట్టుకున్నవారికి ఆ భయం అక్కర్లేదు. బీట్ అధికారి గాని, రేంజ్ అధికారి గాని అందకపోతే 100కు గాని, 112కు గాని చేస్తే పోలీసులు సమాచారం చేరవేస్తారు.

వైద్యం దగ్గర్లో దొరకడమే ఇక్కడి అసలు చిక్కు. మండల పశువైద్యశాలల్లో డాక్టర్లకు ఎక్కువగా అలవాటైనవి గొర్లు, బర్లు. 2017లో మొదలైన 1962 సంచార వాహనాలూ పశువుల కోసమే ఏర్పడ్డాయి. జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. హనుమకొండలో కాకతీయ జంతు ప్రదర్శనశాల, హైదరాబాద్‌లో 1963 నుంచి నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. విరిగిన రెక్కతో ఉన్న గుడ్లగూబకు అది చాలా దూరం. నిర్మల్ జిల్లా చించోలి దగ్గర గండి రామన్న హరితవనంలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచారు. హిమాచల్ ప్రదేశ్ తర్వాత దేశంలో ఇది రెండోది. కోతులను పట్టి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, తిరిగి అడవిలో వదలడం దాని ముఖ్యమైన పని. ఆపరేషన్ గది, బోనులు, కోలుకునే చోటు ఉన్న అలాంటి ఏర్పాటు నక్కకు, మానుపిల్లికి, నెమలికి కూడా ఈ జిల్లాల్లో ఉండాలి. అస్సాంలో కాజీరంగా పక్కన 2002 నుంచి నడుస్తున్న వన్యప్రాణి పునరావాస కేంద్రం ఇది సాధ్యమని చూపిస్తోంది.

కోలుకున్న ప్రాణిని దొరికిన చోటికి దగ్గర్లోనే వదలాలి. ముంగిసకు, నక్కకు, అడవిపిల్లికి తమ తమ హద్దులుంటాయి. కొత్త అడవిలో వదిలితే అక్కడివి తరిమేస్తాయి. రాత్రి తిరిగే వాటిని మునిమాపున, పక్షులను పొద్దున్నే వదలాలి. చేత్తో పాలు పట్టి పెంచిన పిల్లకు వేటాడటం రాదు, మనిషంటే భయం ఉండదు. అలాంటి దాన్ని కొన్నాళ్లు పెద్ద ఆవరణలో ఉంచి, మనిషి కనబడకుండా తిండి అందించి, మెల్లగా బయటికి అలవాటు చేయాలి. అది పునరావాస కేంద్రం పని, ఇంట్లో కుదరదు.

ఎంత చేసినా చాలా ప్రాణులు చనిపోతాయి. చనిపోయిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. దాన్ని పాతిపెట్టడం, ఈకలో గోళ్లో తీసుకోవడం నేరం. పోస్టుమార్టంలోనే చావుకు కారణం విషమో, రేబిసో, ఉచ్చో తేలుతుంది. ఒకే పొలంలో రెండు మూడు నెమళ్లు పడి ఉంటే అక్కడ ఇంకా విషపు గింజలు ఉన్నట్టే. ఆ కళేబరాలను పీక్కుతినే కుక్కలు, నక్కలు, గద్దలు కూడా ప్రమాదంలో పడతాయి. అటవీ సిబ్బంది వచ్చేదాకా కళేబరాల మీద గోనెపట్టా కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి, ఎవరో ఒకరు అక్కడ కాపలా ఉండాలి.